వదిలే కరెంటు, వదలని కరెంటు

మా వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ చిటపటక్కే. దానికి రెండు కారణాలు. ఆమె పని కరెంటు కంచెలు వేయడం. సరిగ్గా బిగించని చోట ఆ కంచె తీగ చిటపటమంటుంది. రెండోది ఆమె కోపం. పాలల్లో నీళ్ళు కలిపినవాణ్ణయినా, బస్సులో కాలు తొక్కి మాట కూడా అనకుండా దిగిపోయినవాణ్ణయినా ఒకేలా కడిగిపారేస్తుంది. భర్త దర్జీ. పొద్దస్తమానం నోట్లో గుండుసూదులు పెట్టుకుని పని చేస్తాడు కాబట్టే ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో గొడవ రాలేదని మేమంతా నవ్వుకుంటాం. ఆయనా నవ్వుతాడు, సూదులు రాలకుండా.

ఆమె ఈ పనిలోకి వచ్చింది కూడా కోపంతోనే. పెళ్ళయిన కొత్తలో ఒక పెద్ద పాల డెయిరీలో పాలు పితికే పనికి కుదిరింది. డెయిరీ యజమాని ఎక్కడినుంచో కంచె తీగలోకి కరెంటు పంపే పెట్టె ఒకటి తెప్పించాడు. ఇద్దరు మగవాళ్ళు వారం రోజులు దానితో కుస్తీ పట్టారు. తీగలు లాగారు, విప్పారు, మళ్ళీ లాగారు. ఆవులు మాత్రం ఆ తీగకి మెడ రుద్దుకుంటూ హాయిగా నిలబడ్డాయి. పెట్టె మంచిది కాదని తిప్పి పంపబోతుంటే ఈమె పెట్టెతో వచ్చిన కాగితం అడిగింది. "నీకెందుకమ్మా, పోయి పాలు పితుకు" అన్నాడు వాళ్ళలో ఒకడు. అంతే. ఆ కాగితం చేతిలోంచి లాక్కుని, రాత్రంతా కూడబలుక్కుని చదివి, మర్నాడు రాళ్ళ గుట్టలో పాతిన ఎర్త్ కడ్డీని పెకలించి, నీళ్ళ తొట్టి పక్కన తడి నేలలో దిగేసింది. ఆవులు ఎగిరి గంతేసి ఆమడ దూరం పోయాయి. ఆ ఇద్దరు మగవాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో ఇప్పటికీ నటించి చూపిస్తుంది.

నాకు ఆరు ఆవులున్నాయి. అవి పక్కవాళ్ళ పైరు మీద పడుతున్నాయని పోట్లాటలు ముదిరినప్పుడు నేను కూడా ఆమెనే పిలిపించాను. ఆమె తెచ్చిన తీగ చూసి నాకు నవ్వొచ్చింది.

"ఇంత సన్నటి తీగ నా ఆవుల్ని ఆపుతుందా అక్కా? అవి గట్టిగా తుమ్మితే తెగేటట్టుంది."

"తీగ ఆపదు. జ్ఞాపకం ఆపుతుంది" అంది, పింగాణి బిళ్ళలు గుంజలకు బిగిస్తూ. "ఒక్కసారి ముక్కు తగిలిందా, ఇక దీని ఛాయలకి రావు. చూస్తూ ఉండు."

పెట్టె ఆన్ చేసింది. టిక్, టిక్ అని చిన్న చప్పుడు. సెకనుకొకటి.

"ఒక్కో టిక్కుకి తీగలోకి ఒక దెబ్బ పోతుంది. వేల వోల్టులే, తక్కువేం కాదు. కానీ రెప్పపాటు కూడా ఉండదు. కొట్టి వదిలేస్తుంది. మళ్ళీ కొట్టేలోపు ఆవు వెనక్కి దూకుతుంది, మనిషైతే చెయ్యి లాక్కుంటాడు. ఇంట్లో గోడలో ఉండే కరెంటు ఇలా కాదు. దానికి వోల్టులు తక్కువే, కానీ మధ్యలో సందు ఇవ్వదు. పట్టుకున్న చేతిలో కండ బిగుసుకుపోతుంది. వదుల్దామనుకున్నా వేళ్ళు తెరుచుకోవు. ఇది వదిలే కరెంటు, అది వదలని కరెంటు. ఈ తేడా తెలియనివాడు కంచె జోలికి పోకూడదు."

తర్వాత దెబ్బ నడిచే దారి చూపించింది. పెట్టెలోంచి తీగలోకి, తీగలోంచి ఆవులోకి, ఆవు కాళ్ళ కిందినుంచి నేలలోకి, నేలలోంచి ఎర్త్ కడ్డీకి, అక్కణ్ణుంచి మళ్ళీ పెట్టెకి. ఆ చుట్టు పూర్తయితేనే దెబ్బ తగులుతుందట. తీగ మీద వాలిన పిచ్చుక కాళ్ళు నేలకి ఆనవు కాబట్టి దానికేమీ కాదట. నేల ఎండిపోతే చుట్టు తెగినట్టే, అందుకే ఎండాకాలం కడ్డీ మొదట్లో నీళ్ళు పొయ్యాలి. గడ్డి పెరిగి తీగని తాకితే దెబ్బ ఆ గడ్డిలోంచే నేలలోకి జారిపోతుంది, అందుకే కంచె కింద గడ్డి కోస్తూ ఉండాలి. ఇవన్నీ పదిసార్లు చెప్పి, నా చేత పదకొండోసారి చెప్పించుకుని గాని వెళ్ళలేదు.

ఇక ఆ తోట సంగతి. ఊరి చివర నలభై ఎకరాల పండ్ల తోట ఒకటి ఉంది. దాని ఆసామిని తోటాయన అంటాం. అడవి పందులు వచ్చి లేత చెట్ల వేళ్ళు పెళ్ళగిస్తుంటే, ఏడేళ్ళ కిందట అక్కతో తోట చుట్టూ కంచె వేయించుకున్నాడు. కంచె కింద గడ్డి కోయడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. బక్కపలచటి మనిషి, యాభై దాటిన వయసు, చేతిలో ఎప్పుడూ కొడవలి ఉంటుంది కాబట్టి కొడవలాయన అనేవాళ్ళం. భార్య బట్టల కొట్టు మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకుంది. ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా మడత మీద ఈగ వాలితే జారిపోవాలి, అంత బాగా చేస్తుంది.

కొడవలాయనకి మొదట్లో ఆ కంచె అంటే ప్రాణం పోయేంత భయం. తీగకి మూరెడు దూరంలోనే కొడవలి ఆపేసేవాడు. దాంతో తీగ కింద గడ్డి అలాగే ఉండిపోయి, కంచె నీరసపడేది. అక్క తనిఖీకి వచ్చినప్పుడల్లా ఆ గడ్డి చూసి కేకలేసేది. ఒకరోజు విసుగెత్తి, ఆయన మణికట్టు పట్టుకుని, వేళ్ళ వెనక వైపు తీగకి ఆనించింది. ఆయన కెవ్వుమని అరిచి, చెయ్యి లాక్కుని, వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు.

"అయిదూ ఉన్నాయా?" అంది.

"ఉన్నాయమ్మా."

"గట్టిగా కొరుకుతుంది, అంతే. చంపదు. ఇంక భయపడకు. తీగ కింద దాకా కొయ్యి."

ఆ రోజునుంచి ఆయన భయం వదిలేశాడు. తీగ పైకెత్తి మరీ కోసేవాడు. అప్పుడప్పుడు దెబ్బ తగిలితే, "కొరికిందిరోయ్" అని తనలో తనే నవ్వుకునేవాడు. ఇంటికొచ్చి భార్యతో గొప్పలు పోయేవాడట, "కరెంటుకే అలవాటైపోయాను, నీ కేకలెంత" అని.

మూడేళ్ళ కిందట వానలు మొహం చాటేశాయి. నేల పెళ్ళలు పెళ్ళలుగా బీటలు వేసింది. తోట కంచె దెబ్బ పల్చబడింది. పందులు ఒకటికి రెండుసార్లు తీగ కిందినుంచి దూరి వచ్చాయి. తోటాయన అక్కకి కబురు పెట్టాడు. ఆమె టెస్టరు పెట్టి చూసి, ఎర్త్ కడ్డీలు ఇంకో మూడు లోతుగా పాతాలని, మొదట్లో రోజూ రెండు బిందెల నీళ్ళు పొయ్యాలని, పెట్టె బ్యాటరీ మార్చాలని చెప్పింది. తోటాయన కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి ఊపాడు.

"నాలుగేళ్ళుగా నీ కడ్డీలూ నీ నీళ్ళూ చూస్తూనే ఉన్నాను. నాకు కొరికే కంచె అక్కర్లేదు. పంది తగిలిందంటే అక్కడే పడిపోవాలి. మోటారు గది పక్కనే ఉంది కదా, ఆ లైనులోంచి తీగకి డైరెక్టుగా ఇచ్చెయ్."

"పంది పడే చోట మనిషి కూడా పడతాడు."

"చీకటి పడ్డాక వేస్తాం, తెల్లారగానే తీసేస్తాం. రాత్రిపూట నా తోటలోకి వచ్చేవాడెవడు? వచ్చాడంటే వాడు దొంగే."

"దొంగైతే చంపేస్తారా? సరే, తీయడం మర్చిపోయిన రోజో?"

"నాకింకా మతిమరుపు రాలేదు. నువ్వు చేస్తావా, ఇంకొకర్ని చూసుకోనా?"

అక్క నిప్పులు చెరిగింది. తన పెట్టెని తాకిన తీగకి డైరెక్టు కరెంటు తగిలిస్తే చేతులు విరగ్గొడతానంది. అలాంటి పని చేయించేవాణ్ణి ముందు ఆ తీగకే కట్టెయ్యాలంది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, గేటు దడాలుమనిపించి వచ్చేసింది.

ఇక్కడొక సంగతి ఉంది. అది ఆమె నాకు చాలా కాలం తర్వాత చెప్పింది. గేటు దాటుతున్నప్పుడు, తోటకి ఆ చివర కంచె దగ్గర కొడవలాయన తలపాగా కనిపించిందట. వెళ్ళి ఒక మాట చెబుదామా అనుకుందట. మిట్టమధ్యాహ్నం, కాళ్ళ కింద నేల పెనంలా ఉంది, ఒంటినిండా కోపం. తర్వాత చెప్పొచ్చులే అనుకుని నడిచి వచ్చేసిందట. కరెంటు ఆఫీసుకి కూడా వెళ్ళలేదు. కాదని వచ్చేశాను కదా, ఇంక నా పూచీ ఏముందిలే అనుకుందట. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

పదకొండు రోజుల తర్వాత, పొద్దున్న పాలు పోసి వస్తుంటే దారిలో జనం పరుగెడుతున్నారు. తోట కంచె దగ్గర కొడవలాయన చచ్చిపోయాడు. ముందు రోజు చెట్లకి నీళ్ళు పెట్టారు, నేలంతా బురద. ఆయన ఎప్పటిలాగే వచ్చి, ఎప్పటిలాగే ఎడమచేత్తో కింది తీగ పైకెత్తాడు. ఈసారి అది కొరికి వదల్లేదు. మిగతా కూలీలు వచ్చేసరికి మనిషి తీగ పట్టుకునే ఉన్నాడు. వాళ్ళు అరుచుకుంటూ వెళ్ళి తోటాయనని లేపాకే కొడవలాయన చెయ్యి తీగని వదిలింది. ఇది కూలీలు మొదటి గంటలో చెప్పిన మాట. మధ్యాహ్నానికి వాళ్ళందరి నోళ్ళూ మూతపడ్డాయి.

మధ్యాహ్నానికి పుట్టిన కొత్త మాట ఏమిటంటే, కంచె పెట్టె చెడిపోయి మనిషిని చంపింది. పెట్టె బిగించింది చిటపటక్క.

ఆమె ఆ మాట నా పాకలోనే వింది. ఆ రోజు నా కంచెలో ఒక గుంజ మారుస్తోంది. చేతిలో ఉన్న సుత్తి కింద పెట్టి తోట వైపు నడిచింది. నేను వెంటే వెళ్ళాను. గేటు దగ్గర కాపలావాడు అడ్డుపడ్డాడు.

"లోపలికి రానివ్వద్దన్నారు. నీ కంచే కదమ్మా చంపింది."

ఆమె వాడితో పోట్లాడలేదు. అది చూసి నాకు భయమేసింది. కంచె వెంబడి, బయటి వైపునుంచి, తల వంచుకుని నడిచింది. శవాన్ని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. ఆ చోట బురదలో పాదాల గుర్తులు, తలపాగా గుడ్డ, కొడవలి. గుంజకి తగిలించిన పెట్టె ఏమీ ఎరగనట్టు టిక్ టిక్ అంటోంది. ఆమె గొంతుక్కూర్చుని గడ్డి చూసింది. కింది తీగకి ఆనిన గడ్డి బారెడు పొడవునా మొదలంటా నల్లగా మాడిపోయి ఉంది.

"చూడు" అంది. "నా పెట్టె గడ్డిని ఇలా మొదలంటా కాల్చలేదు. నిప్పులో పెట్టినట్టు మాడిందంటే గంటల తరబడి ఆగకుండా కరెంటు పారింది. మెయిన్ లైను ఇచ్చారు. మనిషి పోయాక అది పీకేసి పెట్టె తగిలించారు."

"ఎవరు ఇచ్చి ఉంటారు?"

ఆమె మొహం తెల్లబోయింది. ఆ తోట మోటారు చెడిపోతే వచ్చి బాగుచేసేది ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె తమ్ముడు.

తండ్రి పోయేనాటికి తమ్ముడికి తొమ్మిదేళ్ళు. వాణ్ణి చదివించింది ఆమే, పని నేర్పింది ఆమే. చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చి, వైర్లు మెలిపెట్టడం నేర్పి, పరీక్ష రాయించి లైసెన్సు ఇప్పించింది. బజారులో కొట్టు పెట్టించింది. అక్కకున్నంత కోపం లేదు వాడికి. ఎవరేమడిగినా సరేననే రకం. అందరికీ వాడంటే ఇష్టం. ఆమె కూడా, "నా కోపానికి సరిపడా మంచితనం వాడికిచ్చాడు దేవుడు" అని మురిసిపోయేది.

మేం వెళ్ళేసరికి తమ్ముడు కొట్లో ఒక ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. అక్కని చూడగానే చేతిలో మరలు కింద పోయాయి. అవి ఏరుకోవడానికి వంగాడు. ఎంతసేపటికీ లేవడే.

"లే" అంది. "నా మొహం చూడు."

లేచాడు గాని చూడలేదు.

"నువ్వేనా?"

"అక్కా, నేను రాత్రి మాత్రమే వెయ్యమన్నాను. పొద్దున అయిదింటికల్లా తీసెయ్యమని మరీ మరీ చెప్పాను. విడిగా స్విచ్చు కూడా పెట్టాను. ఆయనే నిద్రపోయాడు. నా తప్పేముంది?"

ఆమె చెయ్యి లేచింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఆ చేత్తో కొట్టు తలుపు చెక్క పట్టుకుంది.

"నేను కాదని వచ్చానని నీకు తెలుసా?"

"తెలుసు. ఆయనే చెప్పాడు. మీ అక్కకి పొగరు, నువ్వైతే మర్యాదస్తుడివి అన్నాడు. ఆయన మోటార్లన్నీ నేనే కదా చూస్తాను. కాదంటే ఎలా?"

"ఎలా ఏంట్రా? నోరు తెరిచి కాదనాలి! రెండక్షరాలు! నీకు అన్నీ నేర్పాను, ఆ రెండక్షరాలు నేర్పలేదా? ఆ మనిషి ఎందుకు చచ్చాడో తెలుసా నీకు? ఆ తీగ చంపదని నేను చెప్పాను కాబట్టి చచ్చాడు. ఈ చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని తీగకి ఆనించాను. భయపడకు అన్నాను. నా మాట నమ్మి పట్టుకున్నాడు. నువ్వు నా మాట మీద మెయిన్ కరెంటు పెట్టావు!"

వాడు ఏడవడం మొదలుపెట్టాడు. ఆమెకి ఏడుపు రాలేదు.

"రేపు పొద్దున్నకల్లా స్టేషనుకెళ్ళి నీ నోటితో నువ్వే చెప్పు. నువ్వు చెప్తే నేను నీ పక్కన నిలబడతాను. చెప్పకపోతే నేను చెప్తాను. అప్పుడు నీకు ఎదురుగా నిలబడతాను."

మర్నాడు తమ్ముడి కొట్టు తాళం వేసి ఉంది. వాడు అత్తగారి ఊరు వెళ్ళిపోయాడు. అక్క ఇంటికి తల్లి వచ్చింది. నేను అప్పుడు దర్జీ బావ దగ్గర కూర్చుని ఉన్నాను. తల్లి లోపలికి రాలేదు, గడపలోనే నిలబడి చేతులు జోడించింది.

"వాడికి ఇద్దరు చంటిపిల్లలే. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు. పెట్టె పాడైందని వాళ్ళంటున్నారు కదా, నువ్వు ఊరుకుంటే చాలు. పెట్టె మీదికి పోతుంది, ఎవరి మీదికీ పోదు."

"నా మీదికి వస్తుందమ్మా."

"నీకేం, నువ్వు గట్టిదానివి. తట్టుకుంటావు."

మిషను చప్పుడు ఆగిపోయింది. దర్జీ బావ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటిగా తీసి బల్ల మీద పెట్టాడు.

"అత్తయ్యా" అన్నాడు, "గట్టిదని చెప్పి ఎన్నేళ్ళు మోయిస్తారు దీనిచేత? ఇదొక్కటి దింపుకోనివ్వండి."

అన్నేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఆయన గొంతు అంత గట్టిగా వినపడటం అదే మొదలు. తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు తోటలో విచారణ జరిగింది. కరెంటు ఇన్‌స్పెక్టరు, పోలీసు అధికారి, తోటాయన, ఆయన తెచ్చుకున్న లాయరు, తోట కూలీలు, మాలాంటివాళ్ళం ఓ ముప్ఫై మందిమి. ఇస్త్రీ ఆమె ఒక చెట్టు మొదట్లో కూర్చుంది. లాయరు కంచె పెట్టె చేతిలోకి తీసుకుని దాని మీది అంకెలు గట్టిగా చదివాడు.

"ఎనిమిది వేల వోల్టులు! వింటున్నారా? ఇంటి కరెంటు రెండు వందల ముప్ఫై. దానికే మనుషులు పోతున్నారు. ఎనిమిది వేలకి బతుకుతారా? ఇలాంటిది జనం తిరిగే చోట పెట్టిన ఈమెది తప్పు కాదా?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అక్క ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చింది.

"కొత్త బ్యాటరీ వేసి పెట్టె తిరిగి తగిలించండి. కడ్డీ మొదట్లో నీళ్ళు పొయ్యండి. ఆన్ చెయ్యండి."

తగిలించారు. టిక్, టిక్. టెస్టరు పెట్టి ఇన్‌స్పెక్టరుకి చూపించింది: ఏడు వేల పైచిలుకు. తర్వాత చెప్పులు విడిచి, బురదలో నిలబడి, కింది తీగని గుప్పిటతో పట్టుకుంది.

ఎవరో అమ్మో అన్నారు. దెబ్బ దెబ్బకీ ఆమె మోచెయ్యి ఎగిరిపడుతోంది. పళ్ళు బిగించింది. చెయ్యి విడిపోయిన ప్రతిసారీ మళ్ళీ పట్టుకుంది. పది దెబ్బలు లెక్కపెట్టాను నేను. పన్నెండు. పదిహేను.

"లాయరుగారూ," అంది, టిక్కుకీ టిక్కుకీ మధ్య, "ఎనిమిది వేలన్నారు. చూడండి. పట్టుకున్నాను. బతికే ఉన్నాను. నొప్పి, అంతే. గుండె జబ్బున్నవాళ్ళని దీని దగ్గరికి రానివ్వను. మిగతావాళ్ళని ఇది చంపదు. చెయ్యి తీసుకోవడానికి సందిస్తుంది."

"చాలమ్మా, వదిలెయ్" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వదిలేసి, తోటాయన వైపు తిరిగింది.

"ఇప్పుడు మీ వంతు. మోటారు గదిలో స్టార్టరు నుంచి ఆ రాత్రి లాగినట్టే దీనికి వైరు లాగుదాం. మీ తోట, మీ కంచె, మీ కరెంటు. వచ్చి పట్టుకోండి."

"ఏం మాట్లాడుతున్నావ్? ఏ వైరు? వైరేం లేదు" అన్నాడు తోటాయన. అంటూనే రెండడుగులు వెనక్కి వేశాడు. ముప్ఫై మందీ ఆ రెండడుగులు చూశారు.

"లేదంటున్నారు కదా, పదండి చూద్దాం."

అందర్నీ మోటారు గదికి తీసుకెళ్ళింది. చిన్న గది, గ్రీజు వాసన. స్టార్టరు డబ్బా ముందువైపు శుభ్రంగానే ఉంది. మెయిన్ ఆపించి, డబ్బా మరలు విప్పించి, టార్చి వేసి, వెనక వైపు ఒంగి చూసింది. లోపల, గోడ పక్కగా, బెత్తెడు వైరు ముక్క ఒకటి వేలాడుతోంది. బయట ఉన్నదంతా కోసేశారు గాని జాయింటు దగ్గరి ముక్క కనపడక వదిలేశారు. జాయింటుకి నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు చివర చిన్న మడత.

ఆమె ఆ మడతకి గోరు ఆనించింది.

"ఈ జాయింటు నా తమ్ముడు వేసింది. టేపు చివర అలా మడత పెడితే, తర్వాత విప్పేవాడికి గోరు ఆనుతుందని నేనే నేర్పాను వాడికి. మన తర్వాత వచ్చేవాడి గురించి ఆలోచించాలిరా అని చెప్పాను." టార్చి ఆర్పి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "తర్వాత వచ్చి టేపు విప్పేవాడి గురించి ఆలోచించాడండీ వీడు. తర్వాత వచ్చి గడ్డి కోసేవాడి గురించి ఆలోచించలేదు. రాసుకోండి. పేరు, కొట్టు, లైసెన్సు నంబరు, అన్నీ చెప్తాను."

తోటాయన ఇంకా బుకాయించబోయాడు. అప్పుడు కూలీల్లో ఒకామె, "చాల్లెండయ్యా, మీరు స్విచ్చు తీశాకే కదా ఆయన చెయ్యి ఊడొచ్చింది" అంది. ఒకరు తెరిచాక మిగతా నోళ్ళూ తెరుచుకున్నాయి.

తోటాయనని ఆ సాయంత్రమే తీసుకెళ్ళారు. వారం తిరక్కుండా తమ్ముడు తనంతట తానే వచ్చి లొంగిపోయాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. వాడి లైసెన్సు రద్దయింది. కోర్టులో ఏడాదిన్నర నడిచాక తోటాయనకి పెద్ద శిక్ష, వాడికి చిన్న శిక్ష పడ్డాయి. తల్లి మూట కట్టుకుని కోడలి దగ్గరికి వెళ్ళిపోయింది. దారిలో ఎదురైనా కూతురితో మాట్లాడదు. ఊళ్ళో కూడా సగం మంది, "ఎంతైనా తోడబుట్టినవాణ్ణి అలా పట్టిస్తారా" అనేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళకి అక్క పనికి వెళ్ళడం మానేసింది. అడగడానికి వస్తే మొహం మీదే, "తోడబుట్టినవాళ్ళ చేత వేయించుకోండి" అనేది.

విచారణ అయిన రెండు నెలలకేమో, అక్క నా పాకలో కంచె సరిచూస్తుంటే ఇస్త్రీ ఆమె వచ్చింది. బండి ఎక్కడో వదిలి, అంత దూరం నడిచి వచ్చినట్టుంది. తీగ వైపు వేలు చూపించింది.

"ఆయన పట్టుకున్నది ఇలాంటిదేనా?"

"కాదు" అంది అక్క. "తీగ ఇలాంటిదే. అందులో పారింది వేరు."

"కొరుకుతుందని రోజూ చెప్పేవాడు. ఎలా కొరుకుతుందో నన్ను చూడనీ."

అక్క కాదనలేదు. వేళ్ళ వెనక వైపు ఎలా ఆనించాలో చూపించింది. ఇస్త్రీ ఆమె ఆనించి, ఉలిక్కిపడి, చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ చెయ్యి గుండెలకి అదుముకుంది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు, ఆ ఆసామి అలా అడిగాడని?" అంది. "నాకో, ఆయనకో. ఎవరో ఒకరికి."

అక్క చేతిలోని టెస్టరు కింద పెట్టింది. "చెప్పాల్సింది. ఎండగా ఉందని తిరిగి వచ్చేశాను" అంది. ఇస్త్రీ ఆమె తల ఊపింది. క్షమించినట్టు కాదు. విన్నట్టు. వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అక్క పనిలో కొత్త పట్టింపు ఒకటి వచ్చింది. ఎవరు డైరెక్టు కరెంటు మాట ఎత్తినా, కాదని వచ్చెయ్యదు. తోట నాలుగు మూలలా తిరిగి, పని చేసే ప్రతి మనిషికీ చెప్పి, అక్కణ్ణుంచి నేరుగా కరెంటు ఆఫీసుకెళ్ళి కాగితం రాసిచ్చి గాని ఇల్లు చేరదు. ఇప్పటికి నాలుగుసార్లు అలా జరిగింది. ఇద్దరు ఆసాములు తిట్టారు, ఒకడు కుక్కల్ని వదిలాడు. ఆ కుక్కల్ని కూడా తిట్టి వచ్చింది.

పోయిన నెల తమ్ముడు శిక్ష పూర్తయి వచ్చాడు. సగానికి సగం అయ్యాడు మనిషి. పొద్దున్నే అక్క ఇంటి ముందు నిలబడ్డాడు. దర్జీ బావ కుర్చీ లాగబోయాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళు. ఆమె ఏమంటే అది పడు. ఇక్కడ కుర్చీ సంగతి తర్వాత."

వాడు వెళ్ళాడు. మొదటి రోజు మధ్యాహ్నమంతా ఆ బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు నేను బట్టలు ఇవ్వడానికి వెళ్ళాను. అప్పుడూ అక్కడే ఉన్నాడు. ఆమె ఇస్త్రీ పెట్టె మూత తెరిచి, వాడి వైపు చూడకుండానే అంది:

"అడ్డం తప్పుకో. బొగ్గులకి గాలి తగలాలి."

వాడు పక్కకి జరిగి మళ్ళీ నిలబడ్డాడు.

ఆ మాట తీసుకొచ్చి అక్కకి చెప్పాను. ఆమె నేలలో ఎర్త్ కడ్డీ దిగేస్తోంది. సుత్తి ఆపలేదు.

"నిలబడనీ" అంది.